నా ఐదు శ్రుతి గొంతుకి అక్కడ చోటుంటుందా?

ప్రశ్న: నమస్తే అండీ. మేము ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాం. నాకు నలభై ఒకటి. ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. విజయవాడలో డిగ్రీ అయ్యేదాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వర్ణాలు అయ్యాయి, ఓ పదిహేను కీర్తనలు వచ్చు. తర్వాత పెళ్లి, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పోయిన డిసెంబరులో మా కొలీగ్ నన్ను యార్క్‌లో ఒక కచేరీకి తీసుకెళ్లింది. వాయిద్యాలు లేవు. ఎనిమిది మంది నిలబడి నాలుగు వందల ఏళ్ల కిందటి పాటలు పాడారు. రెండు రోజులు చెవుల్లోంచి పోలేదు. మాలాంటి మామూలు వాళ్లు కూడా చేరి ఇలాంటివి పాడుకునే ఎర్లీ మ్యూజిక్ ఫోరం మన ప్రాంతంలో ఉందని, శనివారాలు వర్క్‌షాప్‌లు పెడతారని ఆమే చెప్పింది. చేరాలని ఉంది. కానీ స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) కూడబలుక్కుని చదవడమే వచ్చు. అక్కడ అందరూ రిటైరైన తెల్లవాళ్లేనట. పాడేవి ఎక్కువగా చర్చి పాటలు, మా అత్తయ్యగారు ఏమంటారో తెలీదు. పాడాలా, ఏదైనా వాయిద్యం కొనుక్కోవాలా? మా వారు "ఇప్పుడెందుకీ టెన్షన్" అంటున్నారు. ఇందులో పడితే నాకు మిగిలిన ఆ కాస్త కర్ణాటక సంగీతం కూడా పాడైపోతుందా? చెప్పడం మర్చిపోయాను, నాది ఐదు శ్రుతి.
– ఒక పాఠకురాలు, లీడ్స్

సమాధానం: మర్చిపోయి చివర్లో తగిలించారు చూడండి, ఐదు శ్రుతి అని, నేను అక్కడే ఆగిపోయాను. మిగతా సందేహాలు తర్వాత చూద్దాం. ఆ హాల్లో మీకు ఉండబోయే గిరాకీ అంతా ఆ ముక్కలోనే ఉంది.

లెక్క చూడండి. ఐదు శ్రుతి అంటే మీ షడ్జం పియానో మీద మధ్య సి కి దిగువన ఉండే జి. వర్ణాలు పాడారు కాబట్టి మంద్ర పంచమం దాకా దిగే అలవాటు ఉండే ఉంటుంది. ఇక్కడ నాలుగు గొంతుకల పాటలో పైనుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు వరసలుంటాయి. మొదటి రెండూ మామూలుగా ఆడవాళ్లు పాడతారు, చివరి రెండూ మగవాళ్లు. ఆ టెనర్ వరస ఎక్కడినుంచి ఎక్కడికి నడుస్తుందో తెలుసా? ఇంచుమించుగా మీ మంద్ర పంచమం నుంచి మీ తార షడ్జం దాకా. అంటే మీకది సొంతిల్లు. ఇక్కడి ఆడవాళ్లు చాలామంది స్కూలు రోజుల నుంచి పై గొంతుతోనే పాడి పెరుగుతారు. కిందకి రమ్మంటే గొంతు గాలి అయిపోతుంది. మనకి మన టీచర్లు తంబురా ముందు కూర్చోబెట్టి మంద్రంలో సాధన చేయించారు కదా, ఆ పుణ్యం ఇక్కడ పనికొస్తుంది. నేను వెళ్లిన వర్క్‌షాప్‌లన్నిటిలోనూ టెనర్లకి కరువే. సొప్రానోలు మూడు వరసల నిండా కూర్చుంటే టెనర్లు నలుగురు, అందులో ఒకాయనకి జలుబు.

కాబట్టి ఫారంలో మీ గొంతు ఏది అని అడిగిన చోట "ఆల్టో, టెనర్ కూడా పాడగలను" అని రాయండి. వరసలు సరిసమానంగా రావాలని నిర్వాహకులు సొప్రానోలని వెయిటింగ్ లిస్టులో పెట్టడం మామూలే. టెనర్ అని రాసినవాళ్లని మాత్రం ఎవరూ వెయిట్ చేయించరు.

ఇప్పుడు సంగతేమిటో చెబుతాను, ఈ శీర్షిక చదివే మిగతావాళ్లకీ పనికొస్తుంది. ఎర్లీ మ్యూజిక్ అంటే స్థూలంగా 1750 కి ముందటి యూరప్ సంగీతం. అది పాడిన కాలంలో ఎలా పాడారో, ఏ వాయిద్యాల మీద వాయించారో వెతికి పట్టుకుని, ఆ పద్ధతిలో పాడుకోవడం ఇందులో రుచి. బ్రిటన్‌లో దీనికోసం ప్రాంతానికొక ఫోరం ఉంది. మీ వైపుది నార్త్ ఈస్ట్ ఎర్లీ మ్యూజిక్ ఫోరం. యార్క్‌షైర్ దాని పరిధిలోనే ఉంది. మీరున్నది ఈ సంగీతానికి పుట్టినిల్లు లాంటి చోటు కూడా. యార్క్‌లో 1977 నుంచి ఎర్లీ మ్యూజిక్ ఉత్సవం జరుగుతోంది. వాల్మ్‌గేట్‌లో వాడకం తప్పిపోయిన పాత సెయింట్ మార్గరెట్స్ చర్చిని బాగుచేసి 2000 లో నేషనల్ సెంటర్ ఫర్ ఎర్లీ మ్యూజిక్‌గా మార్చారు. లీడ్స్ నుంచి రైల్లో అరగంట దూరం. నేను మొదలుపెట్టిన ఊళ్లో అయితే దగ్గరి వర్క్‌షాప్‌కి కూడా రెండు బస్సులు మారాల్సి వచ్చేది. ఏడాదికి కొంచెం సభ్యత్వ రుసుము, వర్క్‌షాప్‌కి విడిగా ఫీజు. మీరు నలుగురూ బయట దోసెలు తిన్న బిల్లుకన్నా ఎక్కువ అవదు. సభ్యత్వం తీసుకోకుండా ఒకసారి వెళ్లి చూడనిస్తారా అని అడగండి. అడగడంలో తప్పేం లేదు.

రోజు ఎలా ఉంటుందంటే: ఏదో ఊళ్లో చర్చి హాలు. పదింటికి ముందే చేరతారు. ఒక మూల పెద్ద కెటిల్, బిస్కెట్లు. ఒక ట్యూటర్ వస్తారు. వాళ్లు ఈ సంగీతం చదువుకుని, బృందాలు నడిపేవాళ్లు. కాగితాలు పంచుతారు. గొంతు సవరించుకోవడం ఓ పదిహేను నిమిషాలు, తర్వాత నేరుగా పాట. మొదటిసారి చివరిదాకా పాడితే గోల గోలగా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అక్కణ్నుంచి ముక్కలు ముక్కలుగా విడదీస్తారు. మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకున్నది తింటారు. పులిహోర తీసుకెళ్లండి కానీ మీరొక్కరే తినేంత మాత్రం కాదు. మూడింటికి మళ్లీ టీ. నాలుగున్నరకి మొత్తం పాట ఒకసారి పాడి లేచిపోతారు. వినేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ చివరి ముక్క అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. మన ఊళ్లలో సంగీతం నేర్చుకోవడం అంటే ఎప్పుడో ఒకప్పుడు స్టేజీ ఎక్కడానికే. పాపకి మూడో గీతం రాగానే "ఏదీ, అంకుల్‌కి పాడి వినిపించు" మొదలవుతుంది. ఈ పాటల్లో సగం అసలు వినడానికి రాసినవి కావు, పాడేవాళ్లు పాడుకోవడానికి రాసినవి. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు, నలుగురి చేతుల్లో నాలుగు పుస్తకాలు, ఒక్కోదాంట్లో ఒక్కో వరస మాత్రమే ఉంటుంది. మొత్తం పాట ఎలా ఉంటుందో ఆ గదిలో ఏ ఒక్కరి దగ్గరా కాగితం మీద ఉండదు. నలుగురూ నోరు విప్పితేనే అది తయారవుతుంది. మన భజనల్లోనూ వినేవాళ్లు వేరే ఉండరు, నిజమే. కానీ భజనలో అందరిదీ ఒకటే వరస. దారి తప్పితే పక్కవాళ్ల గొంతు పట్టుకుని నడిచిపోవచ్చు. ఇక్కడ పక్కవాళ్ల గొంతు పట్టుకున్నారో, మునిగారే.

మీకు అసలు కష్టం అక్కడ వస్తుంది. నొటేషన్ దగ్గర కాదు. కర్ణాటక సంగీతం మనకి ఎన్నో నేర్పింది కానీ, పక్కన ఇంకొకరు వేరే పాట పాడుతుంటే మన వరస మనం పట్టుకుని నిలబడటం నేర్పలేదు. పైగా విరామాలు. మీ వరసకి పద్నాలుగు బార్ల (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే లెక్క ముక్కల) విరామం ఉంటుంది. ఆ పద్నాలుగూ నోరు మూసుకుని లెక్కపెట్టి, పదిహేనోదానికి సరిగ్గా లేవాలి. నా మొదటి వర్క్‌షాప్‌లో నేను తొమ్మిది దాకా లెక్కపెట్టి, ఆల్టోల వరస బాగుందని వింటూ ఉండిపోయి, తర్వాత ధైర్యంగా తప్పు చోట లేచాను. ట్యూటర్ ఆపి, "ఐదో గొంతు చాలా బాగుంది, కానీ రాసినాయన నాలుగే రాశాడు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్లే బస్సులో మాత్రం ఇంక రాకూడదనుకున్నాను. నెల తిరిగేసరికి మళ్లీ వెళ్లాను.

తాళం వేసే అలవాటు మీకు ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. ఆ కాలంవాళ్లూ చేత్తోనే కొలిచేవాళ్లు, చెయ్యి కిందకి ఒకటి, పైకి ఒకటి, దాన్ని ట్యాక్టస్ అంటారు. అప్పటి పుస్తకాల్లో బార్ గీతలే ఉండేవి కావు. ఇప్పుడు వర్క్‌షాప్‌లో ఇచ్చే కాగితాల్లో సాధారణంగా గీతలు గీసే ఇస్తారు, భయపడకండి. ఒకటే జాగ్రత్త. తొడ మీద చప్పుడు వచ్చేలా ఆది తాళం వేయకండి. బూటులోపల బొటనవేలు కదిపితే చాలు.

నొటేషన్ సంగతి. 1597 లో థామస్ మోర్లీ అనే ఆయన లండన్‌లో సంగీతం నేర్పే పుస్తకం ఒకటి అచ్చు వేశాడు. గురువు, శిష్యుడు మాట్లాడుకున్నట్టు ఉంటుంది. అందులో శిష్యుడు గురువు దగ్గరికి పరిగెత్తుకొచ్చిన కారణం ఏమిటంటే, ఒక ఇంట్లో భోజనాలయ్యాక ఆ ఇల్లాలు పుస్తకాలు తెప్పించి, ఒక వరస ఇతని చేతిలో పెట్టి పాడమంది. రాదని ఎంత బతిమాలినా ఎవరూ నమ్మలేదు. చివరికి నిజంగానే రాదని తేలాక, ఇతన్ని ఎలా పెంచారో ఏమిటో అని ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారట. నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషికీ మీకున్న భయమే. ఇప్పటివాళ్లు అంత దుర్మార్గులు కారు.

కూడబలుక్కుని చదవడం వచ్చు అన్నారుగా, సగం పని అయిపోయింది. మిగతా సగానికి మీ సరిగమలే సాధనం. ఏబీసీడీల్లో చదవకండి, స్వరాల్లో చదవండి. షడ్జం ఎక్కడుందో వెతకడానికి ఒక చిట్కా చెబుతాను. గీతల మొదట షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే # గుర్తులు) ఉంటే ఆఖరి షార్పు ఉన్న చోటు మీ కాకలి నిషాదం, దానిపైనే షడ్జం. ఫ్లాట్లు (అర మెట్టు దించే ♭ గుర్తులు) ఉంటే ఆఖరి ఫ్లాటు ఉన్న చోటు శుద్ధ మధ్యమం, అక్కణ్నుంచి కిందకి లెక్కపెట్టుకోండి. ఏవీ లేకపోతే సి యే షడ్జం. అలా పెట్టుకుంటే మీ ముందున్నది శంకరాభరణం. ఇటలీలో 11వ శతాబ్దంలో గైడో అనే సన్యాసి పిల్లలకి ఇలాగే ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని ఆరు అక్షరాలతో నేర్పాడు, పదేళ్లు పట్టే చదువు ఏడాది రెండేళ్లలో వచ్చేస్తుందని చెప్పుకున్నాడు. మన గీతాలు, అలంకారాలు కంఠతా వచ్చినవాళ్లకి ఆ ఏడాది కూడా అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంకా బాగుండేది ఏమిటంటే, ఆ కాలం పాటలన్నీ శంకరాభరణంలో ఉండవు. అప్పటికింకా మేజర్, మైనర్ అనే రెండు గదుల్లోకి సంగీతాన్ని సర్దలేదు. మోడ్‌లు అనే స్వరవరసలు ఉండేవి. డోరియన్ అని వాళ్లు పిలిచేది మన ఖరహరప్రియ స్వరాలే. ఫ్రిజియన్ అంటే తోడి, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి, లిడియన్ అంటే కల్యాణి. శంకరాభరణం స్వరాలనే ఉంచుకుని రిషభాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ వస్తుందని గ్రహభేదంలో చదువుకున్నాం కదా, ఇక్కడ ఆ సంగతి రోజూ పనికొస్తుంది. ఒక్క చోట మాత్రం తడబడతారు. ఖరహరప్రియలా హాయిగా నడిచే పాట, ముగింపు దగ్గర షడ్జానికి చేరేముందు నిషాదాన్ని పెంచేస్తుంది, కైశికి కాస్తా కాకలి అవుతుంది. పాత కాగితాల్లో చాలాసార్లు అది రాసి కూడా ఉండదు, పాడేవాళ్లకి తెలియాలంతే. ఇప్పటి అచ్చుల్లో స్వరం పైన చిన్న గుర్తు పెడతారు. మొదట్లో నాకది అపస్వరంలా వినిపించేది. ఇప్పుడు అది రాకపోతే ఏదో వెలితి.

మీ అసలు భయం, ఉన్న సంగీతం పాడైపోతుందని. పాడవదు. మీ చెవికి ఇక్కడ విలువ ఎక్కువ. పియానో మీద అంతర గాంధారం తంబురా మీద పుట్టే గాంధారం కన్నా కొంచెం ఎక్కువ, సెంట్ల లెక్కలో ఓ 14 (సెంటు అంటే అర మెట్టులో నూరో వంతు). అన్ని స్వరాలూ సమానంగా సర్దడానికి చేసిన సర్దుబాటు అది. ఈ పాటల కాలంలో స్వచ్ఛమైన గాంధారమే కావాలనుకునేవాళ్లు. అందుకని ట్యూటర్లు పాట చివర నిలిచే చోట "థర్డ్ కాస్త దించండి" (థర్డ్ అంటే మన గాంధారమే) అని గంటకోసారి అంటుంటారు. తంబురా వింటూ పెరిగినవాళ్లకి అది చెప్పక్కర్లేదు, గొంతు తనంతట తనే వెళ్లి కూర్చుంటుంది. మొదటిసారి అలా నాలుగు గొంతులూ కలిసి కూర్చున్నప్పుడు హాలు మోగుతుంది. మీరు యార్క్‌లో విని రెండు రోజులు మర్చిపోలేకపోయింది బహుశా దాన్నే.

మరి పోగొట్టుకోవలసింది ఏమీ లేదా అంటే, గమకం. కనీసం ఆ ఆరు గంటలకి. గాంధారం దగ్గరికి రాగానే మన గొంతు ఊగుతుంది, మనం ఊపినట్టు మనకే తెలీదు. పక్కన మూడు గొంతులు నిటారుగా నిలబడి ఉండగా మనం ఊగితే గోడ వంకర పోతుంది. దీనికి మందు మన దగ్గరే ఉంది, నొట్టుస్వరాలు. ముత్తుస్వామి దీక్షితులవారు యూరప్ బాణీలకి సంస్కృతంలో సాహిత్యం రాసినవి, అన్నీ శంకరాభరణంలో, గమకాలు లేకుండా. ఆయన తమ్ముడు బాలుస్వామి మద్రాసు పక్క మణలిలో ఉండగా ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు, ఆ వాయిద్యమే మన కచేరీల్లో స్థిరపడిపోయింది. మనవాళ్లు యూరప్ నుంచి తెచ్చుకుని రెండు వందల ఏళ్లయింది. మీరు ఇక్కడికి వచ్చి మళ్లీ వాళ్లింట్లో పాడుతున్నారు, అంతే తేడా. మీకు వచ్చిన నొట్టుస్వరం ఒకటి తీసుకుని రోజూ పొద్దున రెండుసార్లు, ఊగకుండా, పాడుకోండి.

అత్తయ్యగారి సంగతి. ఫోరం మతసంస్థ కాదు. చర్చి హాళ్లు వాడేది అద్దె చవక కాబట్టి, గోడలు బాగా మోగుతాయి కాబట్టి. పాడేవాళ్లలో దేవుణ్ని నమ్మనివాళ్లు బోలెడుమంది ఉంటారు, ఆ సంగతి టీ దగ్గర వాళ్లే చెబుతారు. లాటిన్ సాహిత్యం ఎక్కువ ఉంటుంది, నిజమే. ప్రేమ పాటలు, తాగుడు పాటలు కూడా ఉంటాయి, వాటి అర్థం అత్తయ్యగారికి చెప్పకపోవడమే మంచిది. ఆవిడ పాత తరం మనిషైతే షేక్ చినమౌలానా నాదస్వరం విని ఉంటారు. ఒంగోలు పక్క కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడి, ముస్లిం అయ్యుండి త్యాగరాజ కీర్తనలు వాయిస్తే మనవాళ్లు చేతులెత్తి మొక్కారు. ఆ మాట గుర్తుచేయండి.

ఈ పాటల వెనక ఇంకో కథ ఉంది, అదీ చెప్పొచ్చు. విలియం బర్డ్ అని మొదటి ఎలిజబెత్ రాణి కాలపు వాగ్గేయకారుడు ఉండేవాడు. దేశం ప్రొటెస్టెంట్ అయింది, ఆయన మాత్రం కేథలిక్‌గానే ఉండిపోయాడు. కేథలిక్ పూజ చేసుకోవడం అప్పుడు నేరం. ఆయన 1590 లలో మూడు, నాలుగు, ఐదు గొంతులకి మూడు మాస్‌లు (కేథలిక్ పూజలో పాడే పాటలు) రాసి, ముఖపత్రం లేకుండా, ఏ ఏడు అచ్చయిందో కూడా లేకుండా అచ్చు వేయించాడు. ఎసెక్స్‌లో పెట్రీ కుటుంబం లాంటి పెద్దవాళ్ల ఇళ్లలో తలుపులు వేసుకుని చాటుగా చేసుకునే పూజల కోసం రాసినవి అవి. వర్క్‌షాప్‌లలో ఆ నాలుగు గొంతుల మాస్ తరచూ వస్తుంది. మొదటిసారికి మీకు సరిగ్గా సరిపోయేది అలాంటిదే: నాలుగే వరసలు, ఒక్కో వరసకి పది మంది. మీరు దారి తప్పినా మిగతా తొమ్మిది మంది నడుస్తూనే ఉంటారు.

కాబట్టి మొదటి వర్క్‌షాప్ ఎంచుకునేటప్పుడు తారీకు కన్నా ముందు ఎన్ని వరసల పాటో చూడండి. ఒక్కో వరసకి ఒక్కరే అని రాసి ఉంటే ఇప్పుడే వద్దు. ఇంకొకటుంది, థామస్ టాలిస్ రాసిన నలభై గొంతుల పాట. ఎనిమిది బృందాలు, ఒక్కోదాంట్లో ఐదు వరసలు. ఎవరైనా దాని మీద వర్క్‌షాప్ పెడితే జనం ఎగబడతారు. మీకూ వెళ్లాలనిపిస్తుంది. ఏడాది ఆగండి. "బాగా సైట్ రీడింగ్ వచ్చినవారికి" (అంటే కాగితం చూస్తూనే పాడేవాళ్లకి) అని ఉన్నవి కూడా అప్పటికే. పాట పేరు ముందే చెబుతారు కాబట్టి, కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ అని నెట్‌లో ఉంటుంది, ఇంత పాత పాటల కాగితాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. చాలావాటికి కంప్యూటర్ వాయించిన ఫైలు కూడా ఉంటుంది. మీ వరస విని, రెండు వారాలు వంటింట్లో పాడుకుని వెళ్లండి. తర్వాత అసలు కసరత్తు: ఫోన్‌లో పక్క వరస పెట్టుకుని మీది మీరు పాడటం. మొదటి మూడు రోజులు ఏడుపొస్తుంది.

వాయిద్యం కొనమంటారా అని అడిగారు. ఇప్పుడు కొనకండి. గొంతు ఉండగా ఎందుకు? కానీ మీరు ఊరుకోరని నాకు తెలుసు, ఎందుకంటే టీ బల్ల దగ్గర ఎవరో ఒకావిడ తన రికార్డర్ మీకు చూపిస్తుంది. రికార్డర్ అంటే మనవాళ్లకి టేప్ రికార్డరే గుర్తొస్తుంది. ఇది నిలువుగా పట్టుకుని ఊదే కొయ్య పిల్లనగ్రోవి. మీ పిల్లల స్కూల్ బ్యాగులో ప్లాస్టిక్‌ది ఒకటి ఉండే ఉంటుంది. అది డెస్కాంట్, బాగా పైన కీచుమంటుంది, దాన్ని తీసుకుని మాత్రం వెళ్లకండి. నిజంగా కావాలంటే ట్రెబుల్ అనేది, ఎఫ్ లో ఉండేది, మంచి కంపెనీ ప్లాస్టిక్‌ది ముప్పై పౌన్ల చుట్టుపక్కల దొరుకుతుంది. జర్మన్ ఫింగరింగ్ (వేళ్లతో రంధ్రాలు మూసే ఒక పద్ధతి) అని రాసి ఉంటే కొనకండి, మొదట సులువుగా ఉండి తర్వాత ఇబ్బంది పెడుతుంది.

ఈ వాయిద్యం మళ్లీ ఎలా బతికిందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. వందేళ్ల కిందట దీన్ని వాయించేవాళ్లు దాదాపు లేరు. ఆర్నాల్డ్ డోల్మెచ్ అనే ఆయన దగ్గర బ్రెసాన్ అనే పనివాడు 18వ శతాబ్దంలో చేసిన అసలు రికార్డర్ ఒకటి ఉండేది. 1919 లో లండన్ వాటర్లూ స్టేషన్‌లో ఆయన చిన్న కొడుకు ఆ సంచీని ప్లాట్‌ఫాం మీద మర్చిపోయాడు. పోయింది. తను రాసిపెట్టుకున్న కొలతలతో ఆయన కొత్తది తయారుచేసే పనిలో పడ్డాడు. తర్వాత సర్రే జిల్లా హాస్ల్‌మియర్‌లో ఆ కుటుంబం వర్క్‌షాప్‌లోంచి వందలకొద్దీ రికార్డర్లు బయటికొచ్చాయి. ఆ సంచీ మర్చిపోయిన కుర్రాడు కార్ల్ పెద్దయి పేరున్న రికార్డర్ వాద్యకారుడు అయ్యాడు. పిల్లల మీద అరిచేముందు నేను ఈ కథ తల్చుకుంటాను, అరవడం మాత్రం మానలేదు.

కొంటే ఒక్క మాట గుర్తుంచుకోండి, శ్రుతి. ఎర్లీ మ్యూజిక్‌లో ఒక్కో చోట ఒక్కో శ్రుతి పెట్టుకుంటారు. మామూలుగా ఏ అనే స్వరం 440, అంటే సెకనుకి 440 కంపనాలు. బరోక్ (సుమారు 1600 నుంచి 1750 దాకా వచ్చిన సంగీతం) వాయించేవాళ్లు చాలాసార్లు 415 పెట్టుకుంటారు, అంటే మన లెక్కలో అర శ్రుతి తక్కువ. ప్రకటనలో ఆ అంకె వేస్తారు. నేను ఒకసారి ఆ అంకె చూసుకోకుండా 440 రికార్డర్ పట్టుకుని 415 వర్క్‌షాప్‌కి వెళ్లి, రోజంతా హార్ప్సికార్డ్ (పియానోకి ముందటి మీటల వాయిద్యం) ఆయనకి పేజీలు తిప్పాను. బాగానే గడిచింది అనుకోండి. వయోల్ మీద మనసు పడితే, పడుతుంది, కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే ఆరు తీగల వాయిద్యం, మెడ చుట్టూ నరంతో కట్టిన మెట్లు, వీణ తెలిసిన మనకి చూడగానే చుట్టంలా అనిపిస్తుంది, కొనే ఆలోచన పెట్టుకోకండి, వేల పౌన్లు. వయోల్ సంఘాలవాళ్లు అద్దెకిస్తారు.

రిటైరైన తెల్లవాళ్లే ఉంటారన్నది చాలావరకు నిజం. నేను చేరిన కొత్తలో ఆ హాల్లో గోధుమరంగు మొహం నాదొక్కటే, డెబ్భై ఏళ్ల లోపు మొహం కూడా దాదాపు నాదే. మొదటి పూట ఒకరిద్దరు "అసలు మీది ఏ ఊరు" అని అడిగారు. మధ్యాహ్నానికి "నువ్వు విరామం సరిగ్గా లెక్కపెడతావు, నా పక్కన కూర్చో" అన్నారు. దీన్ని మించిన పరిచయం నాకు ఇంగ్లండ్‌లో ఇంకెక్కడా జరగలేదు. కొత్తవాళ్లు రావట్లేదని, తాము పోతే ఇవన్నీ ఎవరు నడుపుతారని వాళ్ల బెంగ వాళ్లకుంది. నలభై ఒకటేళ్ల టెనర్ తలుపు తోసుకుని వస్తే రెండో ఏడు కమిటీలో వేస్తారు, ఆ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకుండా కాదనండి. కప్పులు కడగడానికి మాత్రం మొదటిరోజే వెళ్లండి. స్నేహాలన్నీ సింకు దగ్గరే.

సంచీలో పెన్సిల్, రబ్బరు పెట్టుకోండి. పెన్నుతో ఆ కాగితాల మీద గీస్తే చంపేస్తారు. దగ్గరి చూపు కళ్లజోడు ఉంటే అది. వాయిద్యంతో వెళ్తే మడిచే మ్యూజిక్ స్టాండ్, దాని మీద మీ పేరు రాసి, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉంటాయి. చర్చి హాళ్లు చలికాలం వణికిస్తాయి, శాలువా.

మీ వారి టెన్షన్ గురించి. పిల్లల్ని ఒక్క శనివారం ఆయన చూసుకోవాలి, ఉన్న టెన్షన్ అంతా అదే అని నా అనుమానం. ఫ్రిజ్‌లో పప్పు, కూర పెట్టి వెళ్లకండి. వండుకుంటారు, లేదా పీజా తెప్పించుకుంటారు. సాయంత్రం మీరు తిరిగొచ్చాక "ప్రోగ్రాం ఎప్పుడు, మేమూ వస్తాం" అని తప్పకుండా అడుగుతారు. ప్రోగ్రాం ఏమీ లేదని, నాలుగున్నరకి అయిపోయిందని చెప్పండి. ఆయన కాసేపు మీ మొహం చూస్తారు. మా ఇంట్లో ఇప్పటికీ చూస్తారు.